పడమటి రింగు కింద ముగ్గు

నా చిన్నప్పుడు మా ఇంటి చూరు ఎంత కిందకి ఉండీదంటే, తొమ్మిదేళ్ళ పిల్లని నేను చెయ్యెత్తితే తాటాకు చేతికందీది. పెద్దవాళ్ళయితే నడుం వొంచి రావాల్సిందే. అనకాపల్లి చుట్టుపక్కల అప్పట్లో తాటాకిళ్ళన్నీ అంతే. తుఫాను గాలి ఇంట్లో దూరకుండా చూరుని నేలకి దగ్గరగా దింపీవోరు. ఆ ఇంట్లో పుట్టినోళ్ళకి అలవాటే, ఎప్పుడు వొంగేమో ఎప్పుడు లేచేమో మాకే తెలిసీది కాదు. కొత్తోళ్ళకే నుదురు పగిలీది.

అందుకని వాకిట్లో ఏ అలికిడైనా సరే, మనిషెవరో చూడకముందే మా మామ్మ లోపల్నించి కేకేసీది. "వొంగి రండి, సూరు తగుల్తాది!" మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. గాజులమ్మే ఆవిడొచ్చినా అదే మాట, కరణం గారొచ్చినా అదే మాట. చెరుకు మడికి నీళ్ళ తగువులో మా తాతయ్య మీదికి దెబ్బలాటకొచ్చినోడికి కూడా అదే మాట. ఆ మనిషి కోపంగా వచ్చి, బుద్ధిగా వొంగి, లోపలికొచ్చేక మళ్ళీ కోపం తెచ్చుకోవాల్సి వచ్చీది. మేం పిల్లలం మూతికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుకునీవోళ్ళం.

మొన్న ఆదివారం మీరిద్దరూ హైదరాబాదు నించి ఫోన్లో దెబ్బలాడుకుంటుంటే, నాకు ఆ చూరే కళ్ళకి కట్టింది. అమ్మలూ, నువ్వేమో, "మా కాలేజీలోనే టోర్నమెంటు అమ్మమ్మా, ఫైనల్ మా కోర్టులోనే, కప్పు మాదే" అని గెంతులేసేవు. కోర్టులో ఒక మూల సిమెంటు బొబ్బెక్కిందని, అక్కడ బంతి అడ్డదిడ్డంగా లేత్తాదని, బయటోళ్ళకి ఆ సంగతి తెలీదని కూడా చెప్పేవు. తమ్ముడేమో, "అది చీటింగ్, అసలు సొంత కోర్టులో ఫైనల్ ఆడడమే చీటింగ్, ఎవరిదీ కాని చోట పెట్టాలి" అన్నాడు. తీర్పు నన్ను చెప్పమన్నారు. ఇంతలో మీ ఫోన్లో డబ్బులయిపోయి మాట తెగిపోయింది. తెగకముందు నువ్వొక మాటన్నావు, "అమ్మమ్మకి బాస్కెట్‌బాల్ ఏం తెలుసులే" అని. నాకెందుకు తెలీదే. మీ అమ్మ పుట్టకముందే తెలుసు. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను, వినండి.

మా నాన్న తమ్ముళ్ళలో ఆఖరివాణ్ణి మేం చిన్నాన్న అనీవోళ్ళం. చెరుకు గెడలాగ సన్నంగా, పొడుగ్గా ఉండీవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. చదువెంత వచ్చిందో తెలీదు గాని, బాస్కెట్‌బాల్ మాత్రం ఒంట బట్టింది. మా పక్క దాన్ని బుట్టబంతి అనీవోరు. చిన్నాన్న ఆ జట్టుకి కెప్టెన్. చెరుకు గానుగాడి బెల్లం వండీ మా తాతయ్యకి ఆ ఆటంటే గిట్టీది కాదు. "సిల్లు పడిన బుట్టలో బంతెయ్యడవేట్రా, కిందకే కదా పడిపోద్ది" అనీవాడు. ఆ ఏడు మాత్రం ఆయనొక మాటిచ్చేడు. చుట్టుపక్కల జిల్లాల కాలేజీల పోటీ ఫైనలు మా ఊళ్ళోనే పెట్టేరు. అది గెలిత్తే చిన్నాన్నని యూనివర్సిటీ జట్టుకి పంపిత్తానని ఆటల మేష్టారు చెప్పేరు. "గెల్సుకుని రా, ఎల్దువుగాని. ఓడితే మాత్రం ఇంకేటీ అనకండా బెల్లం పెనం కాడికొచ్చి గరిటట్టుకో." అదీ తాతయ్య మాట. మా తాతయ్య మాటంటే మాటే. చిన్నాన్నకి ఆ ఫైనల్లో ఉన్నది కప్పు కాదు, బతుకు ఏ దారిన పోతాదో అన్నది.

ఇప్పుడా కోర్టు సంగతి చెప్పాలి. మీ కోర్టుల్లాగ సిమెంటు కాదది. కాలేజీ కొత్తది, సిమెంటు పోయించీ తాహతు లేదు. అందుకని కుర్రోళ్ళే మా పొలాల్లో కళ్ళం చేసినట్టు చేసేరు. నీళ్ళు పెట్టి, ఎడ్ల చేత తొక్కించి, దిమ్మిసాతో కొట్టి, పేడతో అలికేరు. ఎండేక అద్దంలాగ తేలింది. మా ఎడ్లే తొక్కేయి. మా నాన్న, చిన్నాన్న, వాళ్ళ నేస్తాలు అందరూ పట్టేరు. అయితే ఆ జాగా అంతకుముందు చెరుకు మడి. పడమటి రింగు కాడ పాత బెల్లం పొయ్యి గొయ్యొకటుండీది. పూడ్చడానికి మట్టి చాల్లేదు. వేరే ఊరోళ్ళయితే రాళ్ళో ఇటికముక్కలో వెతుక్కునీవోరు. మావాళ్ళకి చేతికందినంత చెరుకు పిప్పి కళ్ళ ముందు గుట్టలుగా ఉండీది. పిప్పి కూరేసి, తొక్కేసి, పైన మట్టేసి అలికీసేరు. చూడ్డానికి బ్రహ్మాండం. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల పిప్పి కుళ్ళి దిగిపోయింది. పైన పెచ్చు అలాగే ఉన్నాది, లోపల బోలు. బంతి అక్కడ పడితే మరి లేచీది కాదు. పీట మీద అన్నం ముద్దెట్టినట్టు కూర్చుండిపోయీది.

ఆ ఆటలో బంతిని నేలకేసి కొడతా పరుగెత్తాలి కదా. మావాళ్ళకి ఆ చోటు తెలుసు, పక్కనించి పోయీవోళ్ళు. బయట జట్టు వత్తే మాత్రం, బంతి కొట్టుకుంటూ అటొచ్చినోడి చేతికి మళ్ళీ అందీది కాదు. మావాళ్ళు అక్కడే కాసుకుని, తీసుకుని లగెత్తీవోళ్ళు. ఆ ఏడు మా కాలేజీ మా ఊళ్ళో ఒక్క ఆటా ఓడలేదంటే అందులో ఆ గొయ్యి వాటా కొంత ఉన్నాది. అది తప్పని ఎవరికీ తోచలేదు. మన ఊరు, మన నేల, మన గొయ్యి అనుకునీవోళ్ళు. నేనూ అలాగే అనుకునీదాన్ని.

ఫైనలుకి కాకినాడ వైపు నించి ఒక జట్టొచ్చింది. ఆ రోజుల్లో హోటళ్ళెక్కడివి. ఆడడానికొచ్చిన కుర్రోళ్ళని ఇంటికిద్దరు చొప్పున పంచుకుని భోజనాలు పెట్టీవోరు. ముందురోజు సందేళకి మా ఇంటికిద్దరొచ్చేరు. అందులో ఒకాయన వాళ్ళ కెప్టెన్. మా చిన్నాన్న కంటే జానెడు పొడుగు. ఆయన వాకిట్లోకి రావడంతోటే మామ్మ కేక. "వొంగి రా నాయినా! ఇంకా వొంగు. ఇంకొంచెం... ఇంకొంచెం!" ఆ పొడుగాయన దాదాపు కూర్చున్నంత పని చేసి లోపలికొచ్చి, నిలబడి, నవ్వేడు. "మా ఊళ్ళోనూ ఇళ్ళు ఇలాగేనండి. నేనే కాస్త ఎక్కువయ్యానండి" అన్నాడు. మామ్మకి ఆ కుర్రోడు బాగా నచ్చేడు. రెండోసారి పులుసు పోసింది, వొద్దంటే మూడోసారి పోసింది.

వాళ్ళు తిని కాలేజీకెళ్ళిపోయేక చిన్నాన్న, ఆయనకి బావ వరసైన నేస్తం ఒకాయన, వాకిట్లో మంచం మీద కూర్చున్నారు. ఆ నేస్తం కూడా జట్టులో ఆడీవాడు. నాకు మావ వరస. నోరు తెరిత్తే నవ్వులే. ఆ పొడుగాయన రేపు గొయ్యి కాడ ఎలాగవుతాడో మావ ఆడి చూపించేడు. బంతి కొట్టుకుంటా పెద్ద పెద్ద అంగలేసుకుంటా వచ్చేడు, చెయ్యి గాల్లో ఉండిపోయింది, కళ్ళు తేలేసేడు. మరి వొంగి, కోడిపెట్ట గుడ్డెక్కడెట్టిందో వెతుక్కున్నట్టు నేలంతా వెతికేడు. నేను మంచం కోడు పట్టుకుని నవ్వలేక చచ్చేను. అంట్లు తోముతున్న మామ్మ చెయ్యి ఆపింది.

"ఏటిరా ఆ గొయ్యి?"

చిన్నాన్న దాచలేదు. దాచాల్సిందేటో ఆయనకి తెలీదు కూడా. గొయ్యెలా వచ్చిందో, బంతెలా చచ్చిపోతాదో అంతా చెప్పేడు. "పిప్పేసి పూడ్సేర్రా!" అని మామ్మ ముందు నవ్వింది. తరవాత అడిగింది.

"ఆ కుర్రోడికి సెప్పేవేటి?"

"నానెందుకు సెప్తానే? ఆళ్ళూరెల్తే ఆళ్ళు మనకి సెప్తారేటి?"

"ఆళ్ళింటి సూరు సంగతి ఆళ్ళు సూసుకుంటారు. నానడిగింది మనింటిది."

"ఓలమ్మా, ఇందులో అన్నేయం నేదే. సగం ఆటకి వైపులు మారతాం కదా. ఆ గొయ్యి ఇద్దరికీ ఒకటే."

"గొయ్యి ఇద్దరికీ ఒకటే. తెలిసింది ఒకలికే కదరా."

చిన్నాన్న లేచి నిలబడ్డాడు. గొంతు మారింది. "రేపు నాను ఓడితే నాన్న నన్ను పెనం కాడ నిలబెట్టెత్తాడు. నీకు తెల్దా?"

"తెల్సు నాయినా."

"మరి?"

మామ్మ మళ్ళీ అంట్లు తోముకుంది. ఆవిడ కొడుకుల్లో ఈ చిన్నోడంటేనే ఆవిడకి ప్రాణం. వాడు గెలవాలని నూకాలమ్మకి మొక్కుకుంది. కప్పొత్తాదని, మాడుగుల బస్సులో వచ్చే మనిషి చేత హల్వా తెప్పించి ఉట్టిలో దాచింది. ఈ రెండూ నాకు తెలుసు. అందుకనే, ఏదో అడిగింది, వొదిలీసింది అనుకున్నాను.

మర్నాడు ఎండ చల్లబడే వేళకి ఆట. మామ్మ స్నానం చేసి, పెట్టెలో నేత చీర తీసి కట్టుకుని, ముగ్గు చిప్ప చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని బయల్దేరింది. అంతకుముందు మా మామ్మ ఆ గ్రౌండు గట్టు దాటి ఎరగదు. ఆడవాళ్ళు ఆటలకెళ్ళీ రోజులు కావవి. పెద్దమనుషుల కుర్చీల ముందు ముగ్గెయ్యడానికి వచ్చిందనుకుని జనం దారిచ్చేరు. మామ్మ కుర్చీలు దాటిపోయింది. సున్నం గీత దాటి కోర్టులోకే వెళ్ళిపోయింది. పడమటి రింగు కాడ ఆగి, "ఎక్కడే?" అనడిగింది నన్ను.

చూపించాలా వొద్దా తేల్చుకోలేకపోయేను. అటు చూత్తే చిన్నాన్న. ఇటు చూత్తే మామ్మ. మామ్మ అడిగితే చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. వేలెట్టి చూపించేను. మామ్మ మడమతో రెండుసార్లు తట్టింది. డొక్కుమన్నాది. అక్కడ కూర్చుని, పేడ అలికిన నేల మీద తెల్లగా, గొయ్యి ఎంతమేర ఉందో అంతమేరా ఒక తామరపువ్వు ముగ్గేసింది. తొందర లేదు. రేకు రేకుకీ చెయ్యి దులుపుకుంటా, మా వాకిట్లో వేసినట్టే వేసింది.

ఊరంతా గోలెత్తింది. "ఏటమ్మా ఈ ముసిల్ది, ఆటలో పేరంటం పెట్టింది!" అన్నాడొకడు. బయటూరు నించొచ్చిన రిఫరీ గారు ఈలేసుకుంటా పరుగెత్తుకొచ్చేరు. మామ్మ లేచి, కొంగు సర్దుకుని, మామూలుగా ఎలా మాట్లాడుతాదో అలాగే చెప్పింది. "ఇక్కడ నేల బోలు బాబూ. బంతి లెగదు. మా పిల్లలకి తెల్సు, ఆ పిల్లలకి తెల్దు. అందుకని గురుతెట్టేను." రిఫరీ గారు బంతి తీసుకుని ముగ్గు మధ్యని వదిలేరు. తప్పుమని పడింది, ఉండిపోయింది. ఆ పొడుగాయనొచ్చి తానూ ఓసారి వదిలి చూసుకున్నాడు. మామ్మకేసి చూసేడు. తలొంచి దణ్ణం పెట్టేడు. మా ఇంటి చూరు కింద ఎంత వొంగేడో అంతా వొంగేడు.

పూడ్చీ టైము లేదు. ముగ్గు అలాగే ఉంచి ఆడుదామన్నారు రిఫరీ గారు.

చిన్నాన్న మొహం చూడలేకపోయేను. ఎర్రగా కందిపోయింది. మావ కూడా నవ్వడం లేదు. జనంలోంచి మా మీదికి ఒకటే మాటలు. "కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టింది" అన్నారు. మామ్మ గట్టు మీద నన్ను పక్కనెట్టుకుని కూర్చుంది. నా చెయ్యి వొదల్లేదు. నూకాలమ్మ తల్లీ, నూకాలమ్మ తల్లీ అని గొణుక్కుంటానే ఉంది. అప్పుడు తెలిసింది నాకు, మామ్మకి భయం లేక కాదని.

మొదటి సగం మావాళ్ళకి కలిసి రాలేదు. ఎలా కలిసొత్తాది. వాళ్ళ ఆలోచనంతా ఆ గొయ్యి చుట్టూ అల్లుకున్నదే. అవతలోళ్ళు ముగ్గుని చుట్టి పోతన్నారు, బుట్టలేత్తన్నారు. మావాళ్ళేమో అలవాటు చొప్పున ఆ మూలే నిలబడి, రాని బంతి కోసం కాసుకుంటున్నారు. చెరువెండిపోయేక కూడా గాలం వేసుకు కూర్చున్నట్టుంది వాళ్ళ పని. సగం ఆటయ్యేసరికి బాగా వెనకబడ్డారు.

ఆట ఆపినప్పుడు మామ్మ బిందెతో చెరుకు రసం పట్టుకెళ్ళి రెండు జట్లకీ పోసింది. ముందు వాళ్ళకి, తరవాత మావాళ్ళకి. చిన్నాన్న గ్లాసందుకోలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. మామ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"సగం ఆట ఆ మూలకేసి సూత్తానే ఉండిపోనావు కదరా. గొయ్యొక్కటే ఆళ్ళకి సూపించేను. మిగతా నేలంతా నువ్వు తొక్కిందే. అదెవులికిచ్చేను నాను?"

చిన్నాన్న కొంచెం సేపు ఆ నేలకేసి చూసేడు. ఎడ్ల వెనకాల తిరిగి తిరిగి తొక్కిన నేల. గాలెటు వత్తాదో, ఎండ ఏ రింగు మీద ఎప్పుడు పడుతాదో, ఎక్కడ జారుతాదో, పొద్దున్నే లేచి తుడిచినోడికి తెలీదేటి. గ్లాసందుకుని గటగటా తాగేసేడు. తాగి, కోర్టు కేసి చూత్తే అప్పటికే పరుగులకి ముగ్గు సగం చెరిగిపోయింది. అప్పుడు చిన్నాన్న చేసిన పని ఊరు చాన్నాళ్ళు చెప్పుకుంది. మామ్మ కాడ ముగ్గు చిప్ప తీసుకుని, అంత పొడుగు మనిషీ పడమటి రింగు కింద గొంతుక్కూర్చుని, చెరిగిన చోటల్లా మళ్ళీ ముగ్గేసేడు. తామరపువ్వు కాస్తా గుమ్మడికాయయిపోయింది.

"ఒరే బావా," అన్నాడు మావ, గ్రౌండంతా వినపడేటట్టు, "ముగ్గు బానే ఏత్తన్నావు. పెళ్ళిసూపులకి ఎప్పుడు రమ్మంటావు?"

గ్రౌండు గ్రౌండంతా నవ్వేసింది. అవతల జట్టు చప్పట్లు కొట్టింది. ముందు మామ్మని తిట్టినోళ్ళు కూడా ఆపుకోలేకపోయేరు. చిన్నాన్న ముగ్గు చేతుల్తోనే మావ వీపు మీద ఒక్కటిచ్చేడు. ఆట అయిపోయేదాకా మావ వీపు మీద తెల్లటి అయిదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

ఆ నవ్వుతోటే మావాళ్ళకి కాళ్ళొచ్చేయి. రెండో సగంలో పడమటి రింగు మావాళ్ళకొచ్చింది. ఇంక ఆ మూలని కాసుకోడం మానీసేరు. నేలంతా వాళ్ళదే అన్నట్టు పరుగెత్తేరు. చిన్నాన్న ఒక చోట లేడు. ఇక్కడున్నాడనుకుంటే అక్కడ తేలీవాడు. ఆ పొడుగాయనా తక్కువోడు కాదు, ఒకటికి ఒకటి వేత్తానే ఉన్నాడు. మా ఊరోళ్ళ అరుపులకి చెట్ల మీద కాకులు లేచిపోయేయి. ఆ అరుపులు మాత్రం అన్నేయం కాదర్రా. మన పిల్లలు ఆడుతుంటే మన జనం అరవక ఎవరరుత్తారు. వాళ్ళూరెళ్తే వాళ్ళ జనం అరుత్తారు. మామ్మ కూడా అరిచింది. మా మామ్మ గొంతు వాకిలి దాటడం నేను మొదటిసారి వినడం అదే.

ఆఖరికొచ్చేసరికి మావాళ్ళు ఒక్క పాయింటు వెనక. ఒక్క బుట్ట పడితే కప్పు మాది, పడకపోతే పెనం కాడ గరిట. బంతి మావ చేతిలో ఉంది. అవతలోళ్ళందరూ రింగు కింద గోడ కట్టినట్టు నిలబడ్డారు. ముగ్గున్న మూల ఒక్కటే ఖాళీ. ఆటంతా దాన్ని తప్పుకుని తిరిగేరు కదా, కాపలా కూడా తప్పుకునే నిలబడ్డారు. చిన్నాన్నకి ఆ క్షణంలో తోచింది. అక్కడ బంతి లేవదు గాని, మనిషి లేవొచ్చు కదా! ఒక్క అంగలో వెళ్ళి ముగ్గు నట్టనడుమ నిలబడి, "బావా!" అన్నాడు. మావ పైనించే విసిరేడు. చిన్నాన్న బంతిని నేల తాకనివ్వలేదు. గాల్లోనే పట్టి, అదే ఊపున ఎగిరి, వదిలేడు.

బంతి రింగు చుట్టూ తిరిగింది. ఒకసారి తిరిగి, ఆలోచించుకున్నట్టు ఆగి, లోపలికి దిగిపోయింది.

అదే క్షణంలో చిన్నాన్నా దిగిపోయేడు! ఎగిరిన మనిషి ముగ్గు మీద పడ్డంతోటే పైన పెచ్చు పుటుక్కుమని విరిగి, మోకాలి దాకా గోతిలో కూరుకుపోయేడు. కుళ్ళిన పిప్పి కంపు గుప్పుమంది. రిఫరీ గారు ఈలేసేరు, ఆటయిపోయింది, కప్పు మాదే. ఊరు ఊరంతా కోర్టులోకి లగెత్తింది. మా కెప్టెన్ మాత్రం కదల్లేడు, రెండు చేతులూ పైకెత్తుకుని గోతిలో నిలబడి నవ్వుతా ఉన్నాడు. అందరికంటే ముందు అందుకున్నది ఆ పొడుగాయన. చెయ్యిచ్చి లాగేడు. లాగుతా అన్నాడు, "ఏవండీ, మీ అమ్మగారు మాకు చెప్పారు గానండి, ఇక్కడ గొయ్యుందని మీకు చెప్పలేదాండీ?"

చిన్నాన్న ఆయన్ని కావలించుకున్నాడు. ఆయన తెల్ల చొక్కా అంతా పిప్పి మురికైపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఊరేగింపుగా ఇంటికొచ్చేం. డప్పులు, ఈలలు, చిన్నాన్న మావ భుజాల మీద, కప్పు చిన్నాన్న నెత్తి మీద. చూరు కాడికొచ్చేసరికి మామ్మ పరుగున ముందుకెళ్ళి, "వొంగండ్రా! కప్పు తగుల్తాది!" అని కేకేసింది. అవతల జట్టు మొత్తాన్నీ కూడా తీసుకొచ్చింది. ఉట్టి దింపి హల్వా వాళ్ళ చేతుల్లోనే ముందు పెట్టింది. ఓడినోళ్ళు అలిసిపోయుంటారంది. తాతయ్య పెనం కాణ్ణించి వచ్చి, ముందు మోకాలి దాకా ఉన్న బురదకేసి చూసేడు, తరవాత కప్పుకేసి చూసేడు. "కాలేటీ అవలేదు కదా?" అన్నాడు. అవలేదన్నాక, గరిట గోడకి ఆనించి, "ఆ యూనివర్సిటీకి ఎప్పుడెల్లాలంట?" అన్నాడు. చిన్నాన్న వెళ్ళేడు. ఆ జట్టుతో ఎన్ని ఊళ్ళు తిరిగేడో.

మరుసటేడు మావ కెప్టెనై జట్టుని తీసుకుని ఆ పొడుగాయన ఊరే వెళ్ళేడు. ఆయన స్టేషనుకే ఎదురొచ్చేడంట. కాఫీ ఇప్పించకముందే చెప్పేడంట, "మా తూర్పు రింగు కాస్త కిందకుందండి, చూసుకోండి" అని. ఆ ఆట మావోళ్ళు ఓడిపోయేరు. ఓడిపోయొచ్చి మావ ఆ మాట ఎంత సంబరంగా చెప్పేడో, గెలిచొచ్చేడనే అనుకున్నాం.

ఇదీ నా తీర్పు, పిల్లలూ. తమ్ముడూ, ఎవరిదీ కాని చోటు ఎక్కడుంటాది నాన్నా? ఏ నేలయినా ఎవరో ఒకరు తుడుచుకున్నదే. ఎవరో ఒకరింట్లో ఆడాల్సిందే. అమ్మలూ, నీ కోర్టు నీది, నీ జనం నీవోళ్ళు, వాళ్ళ కేకలు నీవి. గట్టిగా అరవమను. ఆ సిమెంటు బొబ్బ మాత్రం వచ్చినోళ్ళకి నువ్వే చూపించు, చాక్‌పీసుతో చుట్టూ గీత గీసి మరీ చూపించు. ముగ్గు రాదంటావేమో, గుమ్మడికాయొచ్చినా ఫరవాలేదు. తరవాత మిగతా నేలంతా నీదే. గెలువు.

ఆ తాటాకిల్లు పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు మనకి శ్లాబు ఇల్లు. మీ మావయ్య గుమ్మం ఎంతెత్తు పెట్టించేడంటే, ఆ పొడుగాయనొచ్చినా టోపీ తియ్యక్కర్లేదు. అయినా గేటు చప్పుడయితే చాలు, నా నోటికి మరో మాట రాదు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రోడు నిన్న నవ్వేడు, "ఎక్కడ వొంగాలి మామ్మగారూ?" అని. నాకూ నవ్వొచ్చింది. తగిలేది ఏదైనా ఉంటే లోపలున్నోళ్ళకే ముందు తెలుత్తాది కదా, అందుకని ఆ మాట నాలిక మీద అలాగే ఉండిపోయింది. ఆట అయిపోగానే ఇద్దరూ కప్పు పట్టుకుని ఇటే రండి. నేను కేకేత్తాను. నవ్వకుండా, నా కోసం కాస్త వొంగి రండి.